‘ఏమీ కాదు’ అంటే మా అత్తయ్య గారు నమ్మలేదు

మొన్న శుక్రవారం, 2021 సెప్టెంబర్ 17న, మా అత్తయ్య గారికీ నాకూ కోవిడ్ టీకా కోవిషీల్డ్ రెండో డోసు వేశారు. మావయ్య గారికి జూలైలోనే అయిపోయింది, మా ఆయనకి ఈ నెల మొదట్లో. ఇంట్లో పెద్దవాళ్లం నలుగురం, నలుగురికీ పూర్తయింది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, మార్చిలో మొదలైన వ్యవహారం ఇప్పటికి తేలింది. ఈ మధ్యలో మా ఇంట్లో జరిగిన వాదనలు, అలకలు, ఏడుపులు అన్నీ ఆ సూది గురించే. ఇంకా వేయించుకోని పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఏలూరుకి దగ్గర్లో, కొల్లేరు వైపు ఒక ఊరు. ఏలూరు సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే టీకా కంటే ముందే మా వైపు భయం వచ్చేసింది. 2020 డిసెంబర్ మొదట్లో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రిలో చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. పురుగుమందులన్నారు, నీళ్లన్నారు, కూరగాయలన్నారు. మా ఊళ్లో వాళ్ల మనసుకి పట్టేలా ఇదీ కారణమని ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలైనా తిరక్కుండా, జనవరి 16న, కోవిడ్ టీకా మొదలైంది. “మొన్న మూర్ఛలెందుకొచ్చాయో చెప్పలేనోళ్లు, ఇయాల ఈ సూదిలో ఏముందో చెప్తారా?” అని మా వీధి అరుగు మీద ఒకాయన అడిగాడు. అడగకూడని ప్రశ్న అని నేను ఇప్పటికీ అనుకోను.

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం (సబ్‌సెంటర్) ఏఎన్ఎంని ఊళ్లో అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆవిడకి మొదటి విడతలోనే కోవిషీల్డ్ వేశారు. మర్నాటి నుంచి ఊరంతా ఆవిడనే గమనించింది. బండి మీద వచ్చిందా లేదా, చెయ్యి పైకెత్తుతోందా లేదా, మొహం వాడిపోయిందా. ఫిబ్రవరిలో రెండో డోసు కూడా అయ్యాక ఎప్పట్లాగే పసిపిల్లల టీకాలకి ఇల్లిల్లూ తిరుగుతుంటే కొందరికి ధైర్యం వచ్చింది. కొందరు మాత్రం “వాళ్లకేసింది వేరు, మనకేసేది వేరు” అన్నారు. చదువుకున్నవాళ్లకీ సందేహాలున్నాయి. జనవరి 3న కోవిషీల్డ్, కోవాగ్జిన్ టీకాలు రెంటికీ అనుమతి ఇచ్చేనాటికి కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాలేదు. హైదరాబాద్‌లో తయారైన టీకా అని నాకు గర్వంగానే ఉన్నా, అంత తొందరెందుకని మా స్కూల్లో సైన్స్ టీచర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. మార్చి 3న 81 శాతం పనిచేస్తోందని మధ్యంతర ఫలితం చెప్పారు. అప్పటికే అనుమానం ఊళ్లోకి వచ్చి కూర్చుంది.

మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకి, 45 దాటి జబ్బులున్నవాళ్లకి మొదలుపెట్టారు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ప్రైవేటులో 250 రూపాయలు. మావయ్య గారికి 66 ఏళ్లు, బీపీ ఉంది. అత్తయ్య గారికి 58, షుగర్. ప్రధానమంత్రి ఢిల్లీలో టీకా వేయించుకోవడం ఆ రోజు టీవీలో పదే పదే చూపించారు. మావయ్య గారు చూసి, “ఆయన చుట్టూ డాక్టర్లుంటారమ్మా. రాత్రి రెండింటికి నాకు ఏదైనా అయితే ఎవరొస్తారు?” అన్నారు. అప్పుడు నేను ఆ మాటని సాకు అనుకుని కొట్టిపారేశాను. ఆయన అడిగింది నిజంగా జవాబు కావాలనే అని ఏప్రిల్‌లో తెలిసింది.

టీకా నమోదుకి పెట్టిన కోవిన్ వెబ్‌సైటులో పేర్లు నేనే నమోదు చేశాను. అప్పట్లో ఒక ఫోన్ నంబరు మీద నలుగురివి పెట్టుకోనిచ్చేవాళ్లు. ఓటీపీ మూడు నిమిషాలే పనిచేసేది, మా ఊళ్లో సిగ్నల్ అంతకన్నా ఆలస్యంగా వచ్చేది. అందుకని మేడ మీదకెక్కి చేశాను. తర్వాత మే నుంచి మన పేరు పక్కన నాలుగంకెల రహస్య కోడ్ ఒకటి కనిపించేది, సూది వేసే చోట అడిగేవాళ్లు. నేరుగా వెళ్లినా అక్కడే నమోదు చేసుకుంటారని తర్వాత తెలిసింది. పల్లెల్లో చాలామంది అలాగే వేయించుకున్నారు.

ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ అన్నారు. 9వ తేదీన మా గ్రామ సచివాలయం దగ్గరే వేస్తారని ఆశా వర్కర్ వచ్చి చెప్పింది. మావయ్య గారు పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా నా వెనకాల నడిచారు. అత్తయ్య గారు “ముందు ఆయనది చూద్దాం” అని ఇంట్లోనే ఉండిపోయారు.

తీరా వెళ్తే అక్కడ ఆరుగురమే. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుంటాయి. మూత తెరిచిన నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే మిగిలింది పారబోయాలి. అందుకని పదిమంది కూడేదాకా సీసా తెరిచేవాళ్లు కాదు. ఇది నాకు ముందు తెలీదు. పదిన్నరకి వెళ్లినవాళ్లం ఒంటిగంట దాకా బెంచీల మీద కూర్చున్నాం. ఆశా వర్కర్ ఎండలో ఇళ్ల వెంట తిరిగి ఒక్కొక్కరినీ బతిమాలి తీసుకొస్తోంది. ఆ మధ్యలో ఆరుగురిలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. భయపడి వెళ్లారో ఆకలేసి వెళ్లారో తెలీదు. ధైర్యం చేసి వచ్చినవాళ్లని అంతసేపు కూర్చోబెడితే ఆ ధైర్యం నిలవదు. మీరు వెళ్లేటప్పుడు తోడు నలుగురైదుగురిని కూడగట్టుకుని, ఏదైనా తిని వెళ్లండి.

సూది వెయ్యడం క్షణం పని. తర్వాత అరగంట అక్కడే కూర్చోమన్నారు. నర్సమ్మ పారాసెటమాల్ మాత్రలు చేతిలో పెట్టి మావయ్య గారితో అన్న మాటలు నాకు బాగా గుర్తు. “మావయ్యగారూ, ఈ రాత్రికి జ్వరం వస్తుంది. చలి పుడుతుంది, ఒళ్లు నొప్పులుంటాయి. కొంతమందికి రాదు, మీకు రావచ్చనే అనుకోండి. రేపు పొద్దున ఏడింటికల్లా నేను మీ ఇంటికొస్తాను. రాత్రి ఏదైనా తేడా అనిపిస్తే మీ కోడలు నాకు ఫోన్ చేస్తుంది.” ఆ పక్కనే వాలంటీరు ఒకబ్బాయి “ఏం కాదు తాతా, దోమ కుట్టినట్టుంటుంది అంతే” అంటున్నాడు. మావయ్య గారు ఆ అబ్బాయి వైపు చూడలేదు. నర్సమ్మ వైపు తిరిగి తలూపారు.

రాత్రి తొమ్మిదింటికి చలితో వణికిపోయారు. 102 దాకా వెళ్లింది. అత్తయ్య గారు రెండు దుప్పట్లు కప్పి, నన్ను చూసిన చూపు మర్చిపోలేను. “ఉన్నమనిషిని తీసుకెళ్లి జబ్బుమనిషిని చేసి తెచ్చావు” అనలేదు గానీ, అన్నట్టే ఉంది. మాత్ర వేశాక తెల్లవారుజాముకి తగ్గింది. ఏడుకి ఇంకా పది నిమిషాలుందనగా నర్సమ్మ గేటు దగ్గర బండి ఆపింది. బీపీ చూసి, చెయ్యి చూసి, కాఫీ తాగి వెళ్లింది. “వస్తానని చెప్పి వచ్చింది” అని మావయ్య గారు ఆ రోజంతా అందరికీ చెప్పారు. జ్వరం సంగతి చెప్పలేదు, ఇదే చెప్పారు.

ఈ వేడిలోనే అత్తయ్య గారిని కూడా ఒప్పిద్దామనుకున్నాను. ఏప్రిల్ 11 నుంచి 14 వరకు టీకా ఉత్సవ్ అన్నారు, మధ్యలో 13న ఉగాది. “పండగ వెళ్లాక చూద్దాం” అన్నారు. పండగ వెళ్లిన నాలుగో రోజుకి తమిళ నటుడు వివేక్ వార్త వచ్చింది. డబ్బింగ్ సినిమాల వల్ల మా ఊళ్లోనూ ఆయన అందరికీ తెలుసు. 15న టీకా వేయించుకున్నారు, 16న గుండెపోటుతో ఆసుపత్రిలో చేరారు, 17 తెల్లవారుజామున పోయారు. గుండెకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయిందని, టీకాకి సంబంధం లేదని డాక్టర్లు 16నే చెప్పారు. వాళ్లు చెప్పింది పేపర్లో వచ్చింది. ఆయన టీకా వేయించుకుంటున్న ఫోటో మాత్రం ప్రతి ఫోన్‌లోకీ వచ్చింది.

అంతకన్నా గట్టి దెబ్బ మా ఊళ్లోనే తగిలింది. మా వెనక వీధిలో ఒకాయన ఉగాది ముందు టీకా వేయించుకున్నారు. వారం తిరక్కముందే జ్వరం, దగ్గు, పాజిటివ్. మే మొదట్లో ఆసుపత్రిలో పోయారు. యాభై మూడేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. టీకా ఒంట్లో పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుందని, అప్పటికే ఊళ్లో జబ్బు తిరుగుతోందని నర్సమ్మ చెప్పింది. అది నిజమే. కానీ ఆయన భార్య “సూదేశాకే కదమ్మా” అని ఏడుస్తుంటే ఆ లెక్క ఎవరు చెప్తారు? నేను చెప్పలేదు. అది జరిగాక రెండు వారాలు మా వీధిలో టీకా మాట ఎత్తినవాళ్లు లేరు.

అదే సమయంలో ఫోన్‌లో రోజుకొకటి. ఫ్రాన్సులో నోబెల్ వచ్చిన శాస్త్రవేత్త ‘టీకా వేసుకున్నవాళ్లందరూ రెండేళ్లలో పోతారు’ అన్నాడని ఒకటి. ఆయన ఆ మాట అననే లేదని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం వాళ్లు ఖండించారు. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత ఆడవాళ్లు వేయించుకోకూడదని ఒకటి. అదీ అబద్ధమేనన్నారు. టీకా వేయించుకుంటే నలభై అయిదు రోజులు మందు ముట్టకూడదని ఒకటి. దీంతో మా చెరువుల మీద పనిచేసే మగాళ్లు సగంమంది వెనక్కి తగ్గారు. సూది వేసిన చోట అయస్కాంతం అతుక్కుంటుందని, కోవాగ్జిన్‌లో దూడ రక్తం ఉంటుందని తర్వాత వచ్చాయి. వైరస్‌ని పెంచే కణాలకి దూడ సీరం వాడతారు గానీ కడిగేస్తారని, తయారైన టీకాలో అది ఉండదని జూన్‌లో ఆరోగ్య శాఖ చెప్పింది. నేను ప్రతిదానికీ జవాబు వెతికి అత్తయ్య గారికి చదివి వినిపించేదాన్ని. ఆవిడ శ్రద్ధగా విని, “అది అబద్ధమేలే” అని ఒప్పుకుని, “అయినా నాకొద్దు” అనేవారు. నాకు అర్థమయ్యేది కాదు. కారణాలన్నీ పోయాక కూడా వద్దనడం ఏమిటని విసుక్కునేదాన్ని.

మే నెల గురించి ఎక్కువ రాయలేను. 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్లు, ఆక్సిజన్ మంచం కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు. అంతకుముందు సీసా తెరవడానికి పదిమంది దొరకని చోట, ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటి నుంచి వరస. కానీ టీకాలు లేవు. మొదటి డోసు ఆపేసి రెండో డోసు వాళ్లకే అన్నారు. 13వ తేదీన కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య 12 నుంచి 16 వారాలు ఉండాలని మార్చారు. మావయ్య గారికి వేసినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలని చెప్పారు. ఎడం ఎక్కువైతే రక్షణ బాగుంటుందని కారణం చెప్పారు, విదేశాల్లో చేసిన అధ్యయనాల్లో అలాగే ఉందన్నారు. ఆ కారణం సబబే అయినా, మందు దొరకని నెలలోనే ఆ మాట వచ్చేసరికి “స్టాకు లేక మార్చారు” అని ఊరంతా నిశ్చయించుకుంది. వినయంగా వెళ్లి వేయించుకున్న మావయ్య గారికే మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆ నెల మూడో వారంలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కోవిడ్‌కి ఇచ్చే నాటు మందు సంగతి వచ్చింది. మే 21న అక్కడికి వేలమంది వెళ్లారు, తర్వాత ఆపారు, నెలాఖరుకి కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇవ్వొచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది. మా ఊరి నుంచి కారు మాట్లాడుకుని నెల్లూరు దాకా వెళ్లినవాళ్లున్నారు. సూదికి భయపడ్డవాళ్లు ఈ మందుకి ఎందుకు భయపడలేదని మా ఆయన కోప్పడ్డారు. నాకు కోపం రాలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఇస్తున్నాడు, డబ్బు తీసుకోవడం లేదు, అందులో ఏం వేస్తాడో చూపిస్తున్నాడు, ఎవరినీ రమ్మని పిలవలేదు. జనం ఆ మందు కంటే ఆ పద్ధతిని నమ్మారని నాకనిపించింది. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే సంగతి.

మా ఆయనకి 36. చేపల లోడింగ్ పని, రోజూ పదిమందితో మెలగాలి. 45 లోపు వాళ్లకి మా ఊళ్లో అప్పటికి వెయ్యడం లేదు. జూన్‌లో ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిషీల్డ్ 780 రూపాయలకి మించి తీసుకోకూడదని, కోవాగ్జిన్ అయితే 1410 అని గరిష్ఠ ధర పెట్టారు. ఏలూరులో 780 కట్టి వేయించుకున్నారు, రెండో డోసుకి మళ్లీ 780. రోజు కూలి మూడు నాలుగు వందలు వచ్చేవాళ్లు ఇంట్లో ముగ్గురుంటే ఇది ఎలా కడతారో ఆలోచించండి. 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్రం ఉచితంగా ఇస్తుందన్నాక ఆ బాధ తగ్గింది.

ఇక నా వంతు. మా పాపకి అప్పటికి పద్నాలుగు నెలలు, పాలు తాగుతోంది. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చని మే 19న కేంద్రం చెప్పింది. జూన్‌లో మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల తల్లులకి వయసుతో సంబంధం లేకుండా వెయ్యాలని నిర్ణయించారు. మూడో వేవ్‌లో పిల్లలకి వస్తే పక్కన ఉండాల్సింది తల్లే కాబట్టి. 20వ తేదీ ఆదివారం పెద్ద ఎత్తున వేస్తారని, నా పేరు జాబితాలో ఉందని శుక్రవారం చెప్పారు.

ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. మావయ్య గారికి, అత్తయ్య గారికి, వీధిలో వాళ్లకి చెప్పిన మాటలన్నీ నాకు తెలుసు. అయినా పాప పాలు తాగుతుంటే ‘ఇందులోకి ఏదైనా వెళ్తే’ అన్న ఆలోచన వస్తే ఊపిరాడేది కాదు. ఫోన్‌లో వెతికాను. కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టిన కేసులు కావచ్చని దేశం మొత్తం మీద 26 గుర్తించినట్టు, పది లక్షల డోసులకి 0.61 చొప్పున అని మే 17న ప్రభుత్వం చెప్పింది చదివాను. పది లక్షలకి ఒకటి కూడా కాదు. మామూలుగా అయితే నాకు అది చాలు. ఆ రాత్రి మాత్రం ఆ ఒక్కరూ నేనే అవుతానేమో అనిపించింది. శనివారం రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఏడుపొచ్చేసింది. అత్తయ్య గారు చూశారు.

“ఏమ్మా, భయమేస్తోందా?”

“అవునండీ.”

“మరి నాతో చెప్పినన్ని రోజులూ నీకు భయం లేనట్టే చెప్పావు” అన్నారు. దెప్పిపొడవడం లేదు, నిజంగా ఆశ్చర్యపోయారు. “పొద్దున్న నేనొస్తాలే. పాపని ఎత్తుకుంటాను” అన్నారు.

ఆదివారం సచివాలయం దగ్గర తిరనాళ్లలా జనం. ఆ ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారని తర్వాత తెలిసింది. నాకు వేసేముందు నర్సమ్మని అడిగాను. పాలు ఆపక్కర్లేదు, జ్వరం వచ్చినా ఇవ్వు అంది. ఇరవై రోజుల లోపు ఆయాసం, గుండెల్లో నొప్పి, తగ్గని తలనొప్పి, కాలు వాపు, ఒంటి మీద చిన్న చిన్న ఎర్రమచ్చలు వస్తే వెంటనే చెప్పమంది. ఏం చూసుకోవాలో తెలిశాక నాకు భయం సగం తగ్గింది. ఎవరైనా నాకు అంతకుముందే ఈ జాబితా ఇచ్చి ఉంటే రెండు రాత్రులు అలా గడిచేవి కాదు.

అత్తయ్య గారు పాపనెత్తుకుని పక్కనే ఉన్నారు. వచ్చారు కదా, ఇవాళే వేయించేద్దామని నాకు ఆశ. అప్పుడే అక్కడ ఒకాయన కాగితం పట్టుకుని, “సాయంత్రానికి లెక్క అవ్వాలి, ఇంకా అరవైమంది తక్కువున్నారు, ఎవరో ఒకర్ని పట్టుకురండి” అని వాలంటీర్ల మీద అరిచాడు. ఇంకొకరు ఎవరితోనో “వేయించుకోకపోతే పెన్షన్ ఆగుద్ది” అంటున్నారు. అలాంటి ఉత్తర్వు నేనెక్కడా చూడలేదు. అత్తయ్య గారి మొహం మారిపోయింది. పాపని తీసుకుని రోడ్డు మీదకి వెళ్లిపోయారు. నా అరగంట అయ్యేదాకా చెట్టు కింద నిలబడ్డారు.

ఆ రాత్రి నాకూ జ్వరం వచ్చింది, 101. అత్తయ్య గారు నా దగ్గరే పడుకున్నారు. పాపని పాలకి అందిస్తూ, మళ్లీ తీసుకుంటూ, అర్ధరాత్రి దాటాక చెప్పారు. 1988లో, మా ఆడపడుచు పుట్టిన కొన్నాళ్లకి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు పెట్టారట. ఆ రోజు ఇంతమందికి చెయ్యాలని లెక్క ఉండేదట. ఈవిడ ఇంకా ఆలోచించుకుంటానంటే “ఏమీ కాదమ్మా, సాయంత్రానికి ఇంటికెళ్లిపోతావు” అని వ్యాన్ ఎక్కించారట. నేల మీద చాపలు పరిచి వరసగా పడుకోబెట్టారట. కుట్లు చీము పట్టి నెల్లాళ్లు మంచం పట్టారు. చూడ్డానికి ఒక్కళ్లు రాలేదు. వ్యాన్‌లో ఎక్కించిన మనిషి తర్వాత వీధిలో ఎదురుపడి తల తిప్పుకుని వెళ్లిపోయిందట. పాతికేళ్ల పిల్ల, చంకలో ఇద్దరు పిల్లలు. “మీ మావయ్యకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు” అన్నారు.

నేను మూడు నెలల పాటు వాట్సాప్‌తో కొట్లాడాను. ఆవిడ భయం అక్కడ లేదు.

మర్నాడు నర్సమ్మకి చెప్పాను. 22న డ్యూటీ అయ్యాక సాయంత్రం ఆరింటికి వచ్చి, అత్తయ్య గారి పక్కన మంచం మీద కూర్చుని మొత్తం వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తర్వాత, “ఇప్పుడు కూడా మమ్మల్ని లెక్కలు అడుగుతారు పిన్నిగారూ, అబద్ధం చెప్పను. కానీ మీరు లెక్కలోకి రావక్కర్లేదు. మీ షుగర్‌కి ఆ జబ్బు వస్తే తట్టుకోవడం కష్టం, అందుకని చెప్తున్నాను. వద్దంటే నేను మళ్లీ అడగను, బీపీ షుగర్ చూడ్డానికి మాత్రం ఎప్పట్లాగే వస్తాను” అంది. అత్తయ్య గారు వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక తనే చెప్పారు. జనం లేని రోజు వెళ్లాలి. ఆ అమ్మాయే వెయ్యాలి. ఎవరూ ఫోటో తియ్యకూడదు. రెండు రోజులు నేను పక్కనే ఉండాలి. జూన్ 24 గురువారం సబ్‌సెంటర్‌లో వేయించుకున్నారు. టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని వెళ్లాం. జ్వరం రాలేదు, చెయ్యి రెండు రోజులు నొప్పి పుట్టింది. నర్సమ్మ మర్నాడు పొద్దున వచ్చింది.

రెండో డోసు దగ్గర ఒక సంగతి జాగ్రత్త. మావయ్య గారికి ఏప్రిల్‌లో మెసేజ్ రాలేదు, మేం పట్టించుకోలేదు. జూలైలో వెళ్తే ఆయన మొదటి డోసు ఇంకెవరిదో ఫోన్ నంబరు మీద ఎక్కి ఉంది. కొత్తగా నా నంబరు మీద ఎక్కిస్తే రెండోది కూడా ‘మొదటి డోసు’ అని పడుతుంది. ఆధార్ నంబరుతో పాత నమోదు వెతికించి సరిచేయించడానికి ఒక పూట పట్టింది. మొదటి డోసు వేసిన రోజే మెసేజ్ వచ్చిందో లేదో, ధ్రువపత్రంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసుకుని ఉండాల్సింది. అప్పట్లో 84 రోజులు నిండనిదే కంప్యూటర్ రెండోది తీసుకునేది కాదు. నాకు సెప్టెంబర్ 12కే నిండినా, అత్తయ్య గారితో కలిసి వెళ్దామని ఆగాను. 17వ తేదీన దేశమంతా రెండున్నర కోట్ల డోసులు వేశారట, మా దగ్గరా రద్దీ ఎక్కువే, మూడు గంటలు పట్టింది. అత్తయ్య గారు ఈసారి చెట్టు కిందకి వెళ్లలేదు. బెంచీ మీద పక్కనావిడకి జ్వరం ఎప్పుడొస్తుంది, ఏ మాత్ర వేసుకోవాలి అని చెప్తూ కూర్చున్నారు. ఇద్దరికీ రెండో డోసుకి ఒళ్లు కూడా వెచ్చబడలేదు.

మా వీధిలో ఇంకా ఒకావిడ మిగిలింది. భర్త లేడు, ఇద్దరు చిన్నపిల్లలు. చెరువు పట్టుబడి ఉంటే ఐసు పెట్టెల దగ్గర పని, లేకపోతే కలుపు. టీకా మీద అనుమానాలేమీ లేవు ఆవిడకి. “జ్వరమొస్తే రెండ్రోజుల కూలి పోద్ది, పిల్లలకి అన్నం ఎవరొండుతారు” అంటుంది. ఇన్నాళ్లూ ఆవిడని కూడా భయపడేవాళ్లలోనే కలిపేశారు. అత్తయ్య గారు నిన్న వెళ్లి మాట్లాడి వచ్చారు. ఆదివారం పని ఉండదు కాబట్టి శనివారం మధ్యాహ్నం పని నుంచి వచ్చాక సబ్‌సెంటర్‌కి తీసుకెళ్తారు. నర్సమ్మకి చెప్పి ఉంచాం, తోడు ఇంకో ముగ్గురు వస్తామన్నారు. ఆదివారం ఆ పిల్లలిద్దరికీ రెండు పూటలా భోజనం మా ఇంట్లో. సోమవారం కూలి పోతే ఆ డబ్బు మావయ్య గారు ఇస్తానన్నారు.